డెల్టాలో సొరంగం తవ్విన గైడు

ముందే ఒప్పేసుకుంటాను. దివిసీమలో పారతో నాలుగు వేట్లు వేస్తే నీరు పడుతుంది. వానాకాలంలో అయితే రెండు వేట్లు చాలు. అలాంటి నేలలో నేను ఒక చిన్న జమీందారు దివాణం నుంచి బందరు కోట దాకా, మధ్యలో పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ అడుగునుంచి, గుర్రం మీద మనిషి తల వంచకుండా వెళ్ళగలిగేటంత ఎత్తున సొరంగం తవ్వాను. పార పట్టలేదు, చెమట పట్టలేదు. నోటితో తవ్వాను. కోట చూపించమని ఉద్యోగమిస్తే కోతలు కోశాను.

బందరులో పర్యాటకుల సమాచార కేంద్రం అని ఒక గది ఉండేది. ఒక బల్ల, ఒక ఫ్యాను, ఒక నేను. ముప్పై ఒక్క సంవత్సరాలు అక్కడ గైడుగా పనిచేసి రిటైరయ్యాను. ఈ మధ్య ఈ పనిలోకి వస్తున్న కుర్రవాళ్ళు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "మూర్తిగారూ, ఎలా మాట్లాడాలో చెప్పండి" అంటున్నారు. ఎలా మాట్లాడాలో నాకు బాగా తెలుసు. ఎప్పుడు ఊరుకోవాలో తెలియకే ఈ వ్యాసం రాయాల్సి వచ్చింది.

ఇంతేనా?

గైడు జీవితంలో ఎక్కువసార్లు వినే మాట "ధన్యవాదాలు" కాదు. "ఇంతేనా?"

ఘంటసాలలో స్తూపం దగ్గర "ఇంతేనా?" గుడివాడలో బౌద్ధుల దిబ్బ ఎక్కించి ఆయాసపడుతూ నిలబడితే "దిబ్బేనా?" బందరు కోటలో ఉప్పుగాలి కొరుక్కుతిన్న గోడల దగ్గర "మిగతాది ఎక్కడుందండీ?" మన సీమలో చూడవలసినవన్నీ ఇలాంటివే. కాస్త అడవి, కాస్త ఊరు, కాస్త రాజరికం. ఏదీ కళ్ళు చెదరగొట్టదు. కాసేపు కూర్చుంటే తప్ప మనసుకెక్కదు. వచ్చినవాళ్ళు కూర్చోరు. వ్యాను డ్రైవరు హారన్ కొడుతుంటాడు.

ఆ దివాణం ఉన్న ఊరి పేరు రాయను. వాళ్ళకి నేను చేసింది చాలు. మేడ చిన్నదే. ముందు బర్మా టేకు స్తంభాల చావడి, వెనక అంతఃపురం అని పిలిచే రెండు గదులు, ప్రహరీని ఆనుకుని వరిచేలు. ఆ చేల మీద కొంగలు, కాలవ గట్టున నీటికాకులు. సాయంత్రం గాలి మళ్ళితే మడ అడవుల బురద వాసన మేడ మీద దాకా వచ్చేది. అన్నిటికన్నా గొప్పది అంతఃపురంలోని గచ్చు. సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం, కోడిగుడ్ల సొన కలిపి, నున్నటి రాళ్ళతో నెలల తరబడి రుద్దిన నేల. ఎండాకాలం మధ్యాహ్నం దాని మీద అరికాలు పెడితే ప్రాణం లేచొచ్చేది. ఆ గచ్చు వేసింది బందరు నుంచి వచ్చిన ఒక మేస్త్రీ. ఆయన మనవడు మస్తాన్ అప్పటికి దివాణానికి కాపలాదారు. భార్య హసీనాతో కలిసి ప్రహరీలోపలే, తాత కట్టుకున్న రెండు గదుల ఇంట్లో ఉండేవాడు. వారసులు హైదరాబాదులో ఉండేవారు.

నాకు ఉద్యోగం వచ్చిన పదో ఏట అనుకుంటాను, బెజవాడ నుంచి ఒక బ్యాంకు సిబ్బంది కుటుంబాలతో వచ్చారు. గచ్చు గురించి చెప్పాను. చెప్పులు విప్పి నిలబడండి అన్నాను. ఇద్దరు విప్పారు. ఒకావిడ పమిటతో విసురుకుంటూ, "ఇంతేనా మాస్టారూ?" అంది.

ఆ రోజు పొద్దుటినుంచి అది ఏడోసారి.

"ఇంతేనా అంటే... కింద ఒకటుందండీ" అన్నాను.

అంతే. విసనకర్రలు ఆగిపోయాయి. హారన్ ఆగిపోయింది. డ్రైవరు కూడా లోపలికి వచ్చాడు. రాణివాసం వాళ్ళు శత్రువులొస్తే తప్పించుకోవడానికి సొరంగం అన్నాను. ఏ శత్రువులు అని ఒక్కరూ అడగలేదు. పదేళ్ళలో ఎవరూ వినని శ్రద్ధతో విన్నారు. వెళ్తూ వెళ్తూ నాతో ఫొటో దిగారు.

వాళ్ళు వెళ్ళాక మస్తాన్ తలుపులు వేస్తూ అడిగాడు.

"మూర్తిగారూ, ఆ సొరంగం ఎప్పుడు కట్టారండీ? మా తాత చెప్పలేదే."

"ఇప్పుడే కట్టాను మస్తాన్ గారూ."

"గట్టిగానే కట్టారా? కూలితే మన మీదే పడుద్ది."

ఇద్దరం నవ్వుకున్నాం. పర్యాటకానికీ నాటకానికీ ప్రాస ఉత్తినే కుదరలేదు అనుకున్నాను. ఏడాది తిరిగేసరికి మా ఆఫీసరుగారి చెవిన పడింది. నన్ను పిలిచి, "ఇన్నాళ్ళూ ఇది ఎందుకు దాచారయ్యా?" అని కోప్పడ్డారు. కోప్పడుతుంటే నిజం చెప్పాల్సింది. నేను తల గోక్కున్నాను. మరుసటి నెలలో అంతఃపురం గోడకి బోర్డు వెలిసింది: సొరంగ మార్గం, సందర్శకులకు ప్రవేశం లేదు. అందులో రెండో ముక్క మాత్రం ముమ్మాటికీ నిజం.

సముద్రానికి రెండో శనివారం తెలియదు

ఈ ఆఫీసరుగారి గురించి కొంచెం చెప్పాలి. చెడ్డవారు కాదు. బాగా మాట్లాడేవారు, బాగా మాట్లాడే ప్రతిదీ నిజమని నమ్మేవారు. ఆయన కింద నేను నేర్చుకున్నదంతా ఆయన చెప్పినదానికి తలకిందులుగా జరిగినప్పుడు నేర్చుకున్నదే.

ప్రతి నెలా రెండో శనివారం హంసలదీవి యాత్ర అని ఆయన ఒక పథకం పెట్టారు. కృష్ణ సముద్రంలో కలిసేచోట సూర్యోదయం, మడ అడవులు, తిరుగుదారిలో దివాణం. కాగితం మీద ముచ్చటగా ఉంది. మొదటి నెల బాగా జరిగింది. రెండో నెల సంగమం వైపు ఇసుకలో వ్యాను పోనిచ్చి, జనాన్ని దింపి, నది గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను. నది నా మాట వినలేదు గానీ సముద్రం వచ్చింది. ఉపన్యాసం సగంలో ఉండగా వ్యాను చక్రాలు సగంలో ఉన్నాయి. ఆడవాళ్ళు చీరలెత్తుకుని పరుగు. నేను మెగాఫోనులో "కంగారు పడకండి" అని అరుస్తూ అందరికన్నా ముందు పరిగెత్తాను.

వల బాగుచేసుకుంటున్న జాలర్లు వచ్చి మోకులు కట్టి వ్యానును లాగారు. అందులో పెద్దవాడు నాంచారయ్య. పని అయ్యాక నా పక్కన కూర్చుని బీడీ ముట్టించాడు.

"ఏవండీ పంతులుగారూ, ఇవాళ తిథేంటో తెలుసా?"

"రెండో శనివారం" అన్నాను.

"అది మీ ఆఫీసుకండీ. సముద్రానికి రెండో శనివారం తెలీదు. ఇయ్యాళ అమావాస్య. పోటు ఇట్టాగే తోసుకొస్తది. తిథి చూడకుండా పెళ్ళి చేస్తారా మీ ఇళ్ళల్లో?"

"చెయ్యరు."

"మరి చూడకుండా ఇంతమందిని నీళ్ళకాడికి ఎట్టా తెచ్చారండీ?"

మా నాన్నగారు బడిపంతులు. పొద్దున లేస్తే పంచాంగం విప్పనిదే కాఫీ తాగేవారు కాదు. అలాంటి ఇంట్లో పుట్టి నేను సర్కారు క్యాలెండరు పట్టుకుని సముద్రం దగ్గరికి వెళ్ళాను. ఆ రోజు నుంచి నా సంచీలో పంచాంగం ఉండేది. యాత్ర తేదీలు తిథిని బట్టి మార్చాలని రాసి పంపితే, "సెలవు రోజులు మార్చడం మన చేతిలో లేదు" అని ఆఫీసరుగారు తిప్పి పంపారు. నేను వేళలు మార్చుకున్నాను. పోటు ఉన్న శనివారాల్లో ముందు దివాణం, తరవాత హంసలదీవి. ఆయనకి చెప్పలేదు.

కొత్తవాళ్ళకి ఒక్క మాట. చోటు గురించి పుస్తకంలో చదివిందంతా చదవండి. అక్కడ దిగగానే మాత్రం అక్కడ వల కుట్టుకుంటున్నవాడిని ఇవాళ ఎలా ఉందని అడగండి. అడగడానికి సిగ్గుపడి వ్యాను ముంచినవాడిని, నేను చెబుతున్నాను.

ఊరిని చూపించడం

ఊళ్ళు చూపించడం కోటలు చూపించడం కంటే కష్టం. కోటలో రాజులు లేరు, ఊళ్ళో మనుషులున్నారు.

పామిడిముక్కల వైపు ఒక చేలో నాట్లు పడుతుంటే ఓసారి హైదరాబాదు నుంచి వచ్చిన రెండు కుటుంబాలు మేమూ నాట్లు వేస్తామన్నారు. ముఠా మేస్త్రీ ఆవిడని అడిగాను. "వెయ్యనీండి బాబూ, సరదా" అంది. వాళ్ళు అరగంట వేశారు, బురదలో ఫొటోలు తీసుకున్నారు, చేతులు కడుక్కుని ఆనందంగా వ్యానెక్కారు. నేను మరిచిపోయిన గొడుగు కోసం వెనక్కి వెళ్ళాను. ఆడవాళ్ళంతా వంగి ఆ మూల నాటిందంతా పీకి మళ్ళీ నాటుతున్నారు.

నన్ను చూసి మేస్త్రీ ఆవిడ నవ్వింది. "మీరు చూడకూడదని ఆగాం బాబూ. మళ్ళీ వచ్చారే!"

"ఎందుకు ఒప్పుకున్నావమ్మా మరి?"

"ఇంటికొచ్చినోళ్ళు అడిగితే కాదంటామా? మీరు మాత్రం ఇంకో చేలోకి తీసుకెళ్ళకండి. నడుములు పడిపోతన్నాయి."

అప్పటినుంచి నాట్లు గట్టు మీద నుంచే చూపించాను. "ఇంతేనా?" అన్నారు. "ఇంతేనండీ" అన్నాను. అదే మాట దివాణంలో అని ఉంటే బతికిపోయేవాణ్ణి. కానీ అక్కడ బోర్డు ఉంది. బోర్డు ముందు నిలబడి, అలవాటు కొద్దీ, పాఠం అప్పజెప్పినట్టు, నెలనెలా సొరంగం పొడిగించుకుంటూ పోయాను. నిజం అలసటగా ఉండేది. అబద్ధం కంఠతా వచ్చేసింది.

తాళంచెవి

నా రిటైర్మెంటుకి ఇంకా ఏడాది ఉంది. పీర్ల పండక్కి మస్తాన్, హసీనా బందరులో చుట్టాలింటికి వెళ్తూ అంతఃపురం తాళంచెవి నాకిచ్చారు. ఆ తాళంచెవికి ఒక పద్ధతి ఉంది. బల్ల మీద పెట్టకూడదు, మేకుకి తగిలించకూడదు. చేతిలోంచి చేతిలోకే వెళ్ళాలి. తాత చెప్పిన మాట అని మస్తాన్ ఆ పద్ధతి తప్పేవాడు కాదు.

మర్నాడు ముగ్గురు మనుషులు కారులో వచ్చారు. పరిశోధకులమన్నారు. ఆఫీసరుగారి ఉత్తరం చూపించారు: వీరికి సొరంగ మార్గం పరిశీలించుటకు తగిన సహకారం అందించగలరు. సరే అని బోర్డు దగ్గరికి తీసుకెళ్ళాను. "సరిగ్గా ఏ చోట?" అన్నారు. ఇరవై ఏళ్ళుగా చెబుతున్న చోటు, వేలు దానంతటదే వెళ్ళింది. "ఇక్కడ" అన్నాను.

వాళ్ళు టేపులు, కొలతలు తీశారు. పొద్దు వాలుతోంది. నా కాళ్ళు లాగుతున్నాయి. ఆఖరి బస్సు తప్పితే ఎలా అన్న దిగులు. "మీరు వెళ్ళండి సార్, తాళం వేసి చెవి ఆ కాలవ గట్టు మీద టీకొట్లో ఇచ్చి వెళ్తాం" అన్నారు. ఉత్తరం ఉందిగదా అనుకున్నాను. తాళంచెవి వాళ్ళ చేతిలో పెట్టి బస్సెక్కాను.

రెండు రోజులకి నేనే టీకొట్లో చెవి తీసుకుని, వెళ్ళి చూడకుండానే, బందరులో మస్తాన్ చేతిలో పెట్టాను. చేతిలోంచి చేతిలోకే. అతను నమస్కారం పెట్టి తీసుకున్నాడు.

అతను వెళ్ళి తలుపు తీసేసరికి గచ్చు లేదు. నట్టింట మనిషి పొడవున గొయ్యి, నడుము లోతున బురద నీళ్ళు, గోడ పక్కన పగిలిన సున్నం పెంకులు కుప్ప. నీళ్ళు పడగానే వదిలేసి పోయారన్నమాట. హసీనా ఆ పెంకుల్ని ఏరి, ఏది ఎక్కడిదో చూసుకుంటూ, చీర కొంగుతో తుడిచి వరసగా పేర్చిందట. ఆ మాట తరవాత తెలిసింది.

పందొమ్మిది రోజులు

హైదరాబాదుకి కబురు వెళ్ళింది. వారసుల్లో పెద్దావిడ ఉన్నారు, ఊళ్ళో అంతా రాణమ్మగారు అంటారు. టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆవిడ తరపున ఉత్తరం వచ్చింది. తాళం పగలలేదు, చెవి మస్తాన్ దగ్గరే ఉంది, కాబట్టి జవాబు మస్తానే చెప్పాలి. నిధి కోసం తవ్వాడనో, తవ్వించాడనో ఊరు అప్పటికే తీర్పు చెప్పేసింది. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యాలి.

ఆఫీసరుగారి దగ్గరికి పరిగెత్తాను.

"ఏ ఉత్తరం?" అన్నారు.

"మీరు ఇచ్చిందేనండీ, పరిశోధకులని..."

"నేను రోజూ వంద ఇస్తాను మూర్తిగారూ. నకలుందా? లేదు. తాళంచెవి ఇచ్చిందెవరు?"

"నేనే."

"మరి? ఏడాదిలో రిటైరవుతున్నారు. ఎంక్వయిరీ పడితే పెన్షను ఏమవుతుందో ఆలోచించుకోండి. అతనికేం, బందరులో చుట్టాలున్నారు." కొంచెం ఆగి, "అయినా సొరంగం ఉంది కాబట్టేగా తవ్వారు" అన్నారు.

ఆయన నిజంగా అలాగే నమ్మారు. నాకు అప్పుడు భయం వేసింది. అబద్ధం చెప్పినవాడు ఒక్కడే, నమ్మినవాళ్ళు లోకమంతా. నేను ఒక్కణ్ణీ కాదంటే ఎవరి మాట చెల్లుతుంది?

పందొమ్మిది రోజులు ఊరుకున్నాను. లెక్క ఎందుకు గుర్తుందంటే రోజూ పొద్దున్నే ఇవాళ చెబుతానని బయలుదేరి, పంచాంగంలో దుర్ముహూర్తం వెతుక్కుని ఆగిపోయేవాణ్ణి. దుర్ముహూర్తం కావాలంటే ప్రతి రోజూ దొరుకుతుంది.

పందొమ్మిదో రోజు దివాణానికి వెళ్ళాను. మస్తాన్ సామాన్లు సర్దుతున్నాడు. నన్ను చూసి మంచం దులిపి కూర్చోమన్నాడు.

"ఆ రోజు తాళంచెవి నా దగ్గరుందని వాళ్ళకి చెప్పలేదా మస్తాన్ గారూ?"

"లేదండీ."

"ఎందుకు?"

"వాళ్ళు అడగడమైతే అడిగారు. చెవి నా బాధ్యతన్నాను. నా బాధ్యతే గదా."

హసీనా లోపల్నించి అంది. "నేను చెప్పమన్నానండీ. చెప్పు, మూర్తిగారి చేతికిచ్చామని చెప్పు అన్నాను. ఈయన వినలా. మూర్తిగారికి ఏడాదిలో పెన్షనొస్తది, ఇప్పుడు పేరు చెడితే ఎట్టా అన్నాడు. మరి మన పేరో? మూడు తరాలది, అదేం చేసుకుంటాం?"

మస్తాన్ ఆమె వైపు తిరిగి, "ఊరుకోవే, ఇంటికొచ్చిన మనిషితో" అన్నాడు.

నేను కట్టిన అబద్ధానికి అతను అద్దె కడుతున్నాడు. అంతసేపూ ఆ మంచం మీద కూర్చుని ఉన్నాను.

నమ్మని నిజం

ఆ ఆదివారం రాణమ్మగారు ఇల్లు అప్పగించుకోవడానికి వచ్చారు. ఊరి పెద్దలు చావడిలో చేరారు. ఆఫీసరుగారికి కబురు పెడితే క్యాంపులో ఉన్నానన్నారు. నేను నిలబడి చెప్పాను. తాళంచెవి మస్తాన్ నాకిచ్చాడు, నేను ఆ ముగ్గురికి ఇచ్చాను. ఇక్కడ సొరంగం లేదు, ఎప్పుడూ లేదు, నేనే కల్పించాను.

ముప్పై ఏళ్ళ వృత్తిలో అంత చిన్న ఉపన్యాసం నేనెప్పుడూ ఇవ్వలేదు.

తరవాత ఒక పెద్దాయన జాలిగా అన్నాడు. "మూర్తిగారిని ఎవరో బెదిరించారండీ."

"లేదండీ, నిజంగా నేనే..."

"ఆ మస్తాన్ని కాపాడదామని అంటున్నారు. మంచి మనిషి."

"సొరంగం లేకపోవడమేంటండీ? మా తాత దాంట్లో నడిచాడు!" అన్నాడు ఇంకొకాయన. ఆయన తాత నడిచింది నేను పుట్టించిన సొరంగంలో. నేను ఇటుక మీద ఇటుక పేర్చి కట్టింది నా ఒక్కడి వల్ల ఎలా కూలుతుంది?

"మరి గోతిలో సొరంగం కనబడలేదే?" అన్నారు రాణమ్మగారు.

"నీళ్ళు నిండిపోయాయండీ. నిధి నీళ్ళ కిందుంది" అన్నాడు అదే పెద్దమనిషి.

అప్పుడు మస్తాన్ లేచాడు. అతను సందర్శకుల ముందు ఒక్క మాట కూడా మాట్లాడని మనిషి. పగిలిన గచ్చు పెంకు ఒకటి తీసుకొచ్చి, అడుగు వైపు తిప్పి రాణమ్మగారి చేతిలో పెట్టాడు.

"అమ్మా, ఇది చూడండి. అడుగున ఇసుక, బొగ్గు, ఇటిక ముక్క. మోకాలి మందాన పోశాడు మా తాత. ఎందుకంటే మన నేలలో నీళ్ళు పైకి లాగుతాయి. ఆ తేమ తగిలితే గచ్చు నెల రోజుల్లో ఉబ్బి లేచిపోద్ది. ఈ గచ్చు కింద సొరంగమే ఉంటే అందులో నీళ్ళు నిలిచి, మా తాత బతికుండగానే ఇది ఊడిపోయేది. ఊడలేదు. ఆ ముగ్గురు పగలగొడితేనే పగిలింది."

చావడి చివర కూర్చున్న ఒక ముసలి రైతు, అప్పటిదాకా కునుకుతున్నవాడు, కళ్ళు తెరిచాడు. "ఔనర్రా. మా దొడ్లో అరటి పిలక పెడదామని గొయ్యి తీస్తే నీళ్ళొస్తాయి. ఇంతకాలం ఈ సొరంగం మనకెట్టా కనబడిందిరా?"

పుట్టినప్పటినుంచి ప్రతివాడూ ఆ నీళ్ళలోనే నాటాడు, ఆ నీళ్ళలోనే కోశాడు. తన పొలం సంగతి తనకి తెలుసు. దివాణం సంగతి వచ్చేసరికి రాజుల నేల వేరేగా ఉంటుందనుకున్నాడు. నేను చేసిన మోసమంతా ఆ చిన్న సందులోంచే దూరింది.

రాణమ్మగారు ఆ పెంకుని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఇది మళ్ళీ వెయ్యగలరా మస్తాన్?"

"అంత బాగా రాదమ్మా. నేర్చుకున్నా గానీ వెయ్యలా ఎప్పుడూ. ప్రయత్నిస్తా."

"అయితే ఇల్లు ఖాళీ చేస్తే ఎలా? సామాను దింపు." తరవాత నా వైపు తిరిగారు. "మీరు రోజూ వచ్చి సున్నం నూరండి."

సెలవు పెట్టి వెళ్ళి నూరాను. బెల్లం నీళ్ళకి చీమలు పట్టేవి, నా చేతులకి బొబ్బలెక్కేవి. నా మీద విచారణ పడింది. మందలించి వదిలేశారు. పెన్షనుకి ఏం కాలేదు. పందొమ్మిది రోజులు దేనికి భయపడ్డానో తలుచుకుంటే ఇప్పటికీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. కొత్త గచ్చు పాతదానిలా లేదు. అతుకు కనబడుతుంది. మస్తాన్ ఆ అతుకు దాచలేదు. ఇప్పుడు సందర్శకులకి దాని సంగతి అతనే చెబుతున్నాడు, తక్కువ మాటల్లో. వింటున్నారు కూడా. ఆ విద్య నాకు పట్టుబడలేదు.

వియ్యాలవారు

ఆఫీసరుగారు బదిలీ మీద వెళ్ళి, ఆయనా రిటైరయ్యారు. నిరుడు కార్తికంలో ఫోను చేశారు.

"మూర్తిగారూ, మా కొత్త వియ్యంకులు తోట్లవల్లూరు వాళ్ళు, దివాణం చూస్తామంటున్నారు. మీరుంటే బాగుంటుంది. ఆ సొరంగం అదీ కాస్త రక్తి కట్టించి చెప్పాలి."

"సొరంగం లేదని అప్పుడే..."

"మీరేదో కంగారుపడి కాదన్నారట, విన్నాను. చరిత్రకి ధైర్యం కావాలండీ. నేనుంటానుగా."

ఆ రోజు వియ్యంకుడు, వియ్యపురాలు, వాళ్ళ తరపు ఓ ఎనిమిది మంది రెండు కార్లలో దిగారు. కృష్ణ ఒడ్డున తరతరాలుగా వ్యవసాయం చేసినవాళ్ళు. అడుగు వేసేచోట మట్టిని చూసుకుంటూ నడుస్తున్నారు. చావడి చూపించాను, స్తంభాలు చూపించాను. అంతఃపురం గుమ్మంలో ఆగి, చేతులు కట్టుకుని అన్నాను.

"సొరంగం గురించి నేను చెప్పడం మర్యాద కాదండీ. దాన్ని లోకానికి చాటింది సార్. వారే చెప్పాలి."

ఆయన ముఖం వెలిగిపోయింది. పది నిమిషాలు చెప్పారు. నాకన్నా బాగా చెప్పారు. గుర్రాలు, దివిటీలు, పల్లకీలు, పాయ అడుగున రాణులు. అందరూ తలలూపుతూ విన్నారు. ఆయన ముగించి రుమాలుతో ముఖం తుడుచుకుంటుంటే వియ్యపురాలు మెల్లిగా అడిగింది.

"మరి నీళ్ళో, అన్నయ్యగారూ?"

"ఏ నీళ్ళమ్మా?"

"ఊటండీ. మా మెరకలోనే నిలువు లోతుకి పడతాయి. ఇది పల్లం గదా. తవ్వినోళ్ళు ఎట్టా ఆపారండీ నీళ్ళని?"

వియ్యంకుడు గొంతు సవరించుకున్నాడు. మిగతావాళ్ళు నేల వైపు చూశారు. ఆఫీసరుగారు నా వైపు చూశారు. ఏళ్ళ తరబడి ఆయన చూపు పడగానే జవాబు అందించినవాణ్ణి. నేను కిటికీలోంచి చేలో కొంగల్ని చూస్తూ నిలబడ్డాను. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాను కూడా.

ఆ సమయానికి మస్తాన్ ఇత్తడి చెంబుతో లోపలికి వచ్చాడు. అతనికి ఇదేం తెలియదు. ఎండన పడి వచ్చిన పెద్దమనుషులకి దాహం అవుతుందని తెచ్చాడు.

"మంచినీళ్ళు తీసుకోండి సార్. పెరట్లో నూతిలోయే. చేద కూడా అక్కర్లేదండీ, వంగి చేత్తో ముంచుకొచ్చా."

ఆఫీసరుగారు చెంబు అందుకున్నారు. వియ్యాలవారంతా చూస్తుండగా, గుక్క తిప్పుకోకుండా, మొత్తం తాగారు.